అల్లుడూ, ఆ తీర్పు కాపీ తీసుకున్నావా?

అల్లుడూ,

ఖతార్ కంపెనీ వాళ్ళు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగారని అక్క ఫోన్‌లో చెప్పింది. అమ్మవారి సంబరాల్లో జరిగిన ఆ పాత కొట్లాట కేసు దానికి అడ్డం పడుతుందేమోనని నువ్వు సరిగ్గా తిండి కూడా తినడం లేదట. కాశీబుగ్గలో ఎవరో పదిహేను వేలిస్తే పోలీసు రికార్డులో నీ పేరే లేకుండా చేయిస్తానన్నాడట. ముందు ఆ మనిషి సంగతి తేల్చేద్దాం. అతనికి ఒక్క రూపాయి ఇవ్వకు. రికార్డులో ఉన్నది చెరిపించడం అతని తరం కాదు, చెరిపించాల్సిన అవసరం నీకూ లేదు. ఆ కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం ఒకటి నీ చేతిలో ఉంటే చాలు. అది పలాస కోర్టులోనే ఉంది, కొద్దిపాటి స్టాంపుల ఖర్చుతో వస్తుంది.

టెక్కలి కోర్టుల్లో వకీలు గుమాస్తాగా నా బతుకంతా గడిచిందని నీకు తెలుసు. ఆ వరండాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది శిక్ష పడ్డవాళ్ళ దుఃఖం కాదురా. కేసు కొట్టేసిన రోజున సంతోషంగా ఇంటికెళ్ళిపోయి, కాపీ మాట మరిచిపోయి, ఉద్యోగమో వీసానో వచ్చే వేళకి పరుగెత్తుకొచ్చే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోయేది. "కేసు ఎప్పుడో పోయింది మావయ్యా" అంటారు. పోయిందని చెప్పే కాగితమేదిరా అంటే ఉండదు. నంబరు గుర్తుండదు, సంవత్సరం గుర్తుండదు, అప్పటి వకీలుగారు ఉండరు. నీకు ఆ గతి పట్టకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

ఒక సంగతి మనసులో పెట్టుకో. మనిషి పేరు మీద కేసుల వివరాలు ఒకేచోట ఉండవు. పోలీసుల దగ్గర ఉండేవి వేరు, కోర్టులో ఉండేవి వేరు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ రాస్తారు, దానికి క్రైమ్ నంబరు పడుతుంది. దర్యాప్తయ్యాక చార్జిషీటు వేస్తే కోర్టు దానికి తన నంబరు ఇస్తుంది. అక్కడినుంచి కేసు నడిచేదీ ముగిసేదీ కోర్టు పుస్తకాల్లోనే. ఆ ముగింపు తిరిగి స్టేషన్ పుస్తకంలోకి, కంప్యూటర్లోకి ఎక్కాలి. ఎక్కకపోతే కోర్టులో నువ్వు విడుదలైనా స్టేషన్ లెక్కలో ఇంకా ముద్దాయివే. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి వచ్చే కానిస్టేబులు చూసేది స్టేషన్ లెక్కనే. అందుకే కోర్టు కాగితాన్ని స్టేషన్‌కి చేర్చే బాధ్యత నీదే అనుకుని పని మొదలుపెట్టు.

మొదట నీ కేసు ఎలా ముగిసిందో కళ్ళారా చూసుకో. "లోక్ అదాలత్‌లో పోయింది" అంటే సరిపోదు. ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్ పెట్టుకో, లేదా నెట్‌లో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ తెరువు. డబ్బులేమీ అడగదు. కేస్ స్టేటస్‌లోకి వెళ్ళి ఆంధ్రప్రదేశ్, శ్రీకాకుళం జిల్లా, తర్వాత పలాస కోర్టు ఎంచుకో. అక్కడ పార్టీ పేరుతో వెతకొచ్చు, కేసు నంబరుతో వెతకొచ్చు, ఎఫ్‌ఐఆర్ నంబరుతోనూ వెతకొచ్చు. నీ దగ్గర స్టేషన్‌లో ఇచ్చిన నోటీసు ఉంటే దాని మీద క్రైమ్ నంబరు, సంవత్సరం ఉంటాయి. పోలీస్ స్టేషన్ పేరు ఎంచుకుని ఆ నంబరు కొట్టావంటే నేరుగా దొరుకుతుంది. కేసు దొరికాక పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు కనిపిస్తుంది. అది రాసి పెట్టుకో. ఆ కేసు దేశంలో ఎక్కడినుంచి చూడాలన్నా ఆ ఒక్క నంబరు చాలు.

పెండింగు, డిస్పోజ్డ్ అని రెండు రకాలుంటాయి. చాలామంది పెండింగు ఒక్కటే నొక్కి, ఏమీ రాకపోతే కేసే లేదనుకుంటారు. రెండూ చూడు. నంబరు ముందున్న అక్షరాలు చూసి కంగారుపడకు. సి.సి. అంటే మేజిస్ట్రేటు కోర్టులో నడిచే మామూలు క్రిమినల్ కేసు. ఎస్.టి.సి. అంటే చిన్నచిన్న తప్పులకు క్లుప్తంగా విచారించేది. పి.ఆర్.సి. అంటే సెషన్స్ కోర్టుకి పంపబోయే పెద్ద కేసు, అక్కడికి వెళ్ళాక ఎస్.సి. అవుతుంది. ఓ.ఎస్. అని కనిపిస్తే అది భూమి తగాదానో బాకీ దావానో, నేరం కాదు. మన జీడితోటల గట్టు తగాదాలన్నీ అందులోనే ఉంటాయి.

పేర్ల దగ్గర మాత్రం నిదానించు. ఉద్దానంలో ఢిల్లేశ్వరరావు లేని ఊరు ఉందా? ఆ ఒక్క పేరునే ఇంగ్లీషులో ఒక రైటరు 'డి' పక్కన 'హెచ్' పెట్టి రాస్తాడు, ఇంకొకడు పెట్టకుండా రాస్తాడు, ఒకడు 'ఐ' రాస్తే మరొకడు 'ఇ' రాస్తాడు, ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట వెనకుంటుంది, మరోచోట అసలుండదు. పూర్తి పేరు కొడితే దొరకనిది మొదటి నాలుగైదు అక్షరాలు కొడితే దొరుకుతుంది. దొరికిన పేరు నీదేనా కాదా అన్నది తండ్రి పేరు, ఊరు, వయసు చూసి తేల్చుకోవాలి. ఇది నీ కేసుకే కాదు, మీ ఇంటి చిన్నదాని పెళ్ళి సంబంధం విషయంలోనూ పనికొస్తుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

వెబ్‌సైట్‌లో తీర్పు కనిపించినా దాన్ని ప్రింటు తీసి ఎవరికీ ఇవ్వకు. అది నువ్వు చదువుకోవడానికి. ఆఫీసుల్లో చెల్లేది కోర్టు ముద్ర, సంతకం ఉన్న సర్టిఫైడ్ కాపీ. దాన్ని తెచ్చుకునే పద్ధతి చెబుతాను, శ్రద్ధగా విను. ఇది ఎవరూ పిల్లలకి చెప్పరు.

పలాస కోర్టులో కాపీ అప్లికేషన్ వెయ్యాలి. ఏ కోర్టు, కేసు నంబరు, పార్టీల పేర్లు, ఏ కాగితం కావాలి, కేసులో నువ్వెవరు అన్నవి అందులో ఉంటాయి. కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. వకీలు ద్వారా వెయ్యొచ్చు, ముద్దాయిగా నువ్వే స్వయంగా కూడా వెయ్యొచ్చు. ఆఫీసు వాళ్ళు కట్ట తీసి, పేజీలు లెక్కపెట్టి, ఎంత స్టాంపులు దాఖలు చెయ్యాలో జాబితా రాసి నోటీసు బోర్డు మీద పెడతారు. మనవాళ్ళు తప్పేది సరిగ్గా ఇక్కడే. అప్లికేషన్ వేశాం కదా, వాళ్ళే ఫోన్ చేస్తారు అనుకుని ఇంట్లో కూర్చుంటారు. ఎవరూ ఫోన్ చెయ్యరు. ఆ జాబితా చూసుకుని గడువులోగా స్టాంపులు దాఖలు చెయ్యకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి వేసిన మర్నాటినుంచి బోర్డు చూస్తూ ఉండు, లేదా అక్కడ తిరిగే గుమాస్తాకి చెప్పి ఉంచు.

కాపీ చేతికొచ్చాక దాని మీద ఒక ముద్ర చూడు. అప్లికేషన్ వేసిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, దాఖలైన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ, అన్నీ వరుసగా ఉంటాయి. అవి ఊరికే వేసినవి కావు. అప్పీలుకి వెళ్ళాలంటే కాపీ కోసం కోర్టు తీసుకున్న రోజుల్ని గడువులోంచి తీసేస్తారు, ఆ లెక్క ఈ తేదీల మీదే ఆధారపడుతుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, కేసు నంబరు అక్షరం అక్షరం చూసుకో. తప్పుంటే అక్కడే దిద్దించుకో. ఒకటి కాదు, రెండు కాపీలు తీసుకో. ఒకటి లామినేషన్ చెయ్యకుండా ప్లాస్టిక్ కవర్లో ఇంట్లో ఉంచు, రెండోది వాడుకో. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళ రేకులు లేచిపోయాయో, ఎన్ని పెట్టెల్లో పట్టాలూ సర్టిఫికెట్లూ ముద్దయిపోయాయో మనకి తెలియనిదా? అలా పోయినవాళ్ళు కూడా కోర్టులో మళ్ళీ అప్లికేషన్ వేసి కాపీ తెచ్చుకోవచ్చు. కాకపోతే పాత కట్టలు రికార్డు రూముకి పోతాయి, కొన్నేళ్ళ తర్వాత కట్టలో కాగితాలు చాలావరకు తీసేస్తారు. ఇప్పుడే తీసుకో అంటున్నది అందుకే.

ఇక నీ కేసు. ఐపీసీ సెక్షన్లు 323, 341, 506 అన్నావు. చెయ్యి చేసుకోవడం, దారికి అడ్డం నిలబడటం, బెదిరించడం. ఇవి రాజీకి వీలున్నవే. ఇద్దరూ కోర్టు ముందు రాజీపడితే, చట్టం దృష్టిలో ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. లోక్ అదాలత్‌లో జరిగినదీ అదే అయితే నీకు భయం లేదు. ఆ ఉత్తర్వు కాపీ చదివి "రాజీ" అని ఉందో లేదో చూడు.

ఎందుకు ఇంతగా అడుగుతున్నానంటే, మన వైపు ఒక మాట బాగా తిరుగుతుంది: "ఒప్పేసుకుని ఫైన్ కట్టెయ్యి, ఈ రోజుతో పోద్ది." కోర్టు చుట్టూ తిరిగే ఓపిక లేక, కూలి రోజు పోతుందని, చాలామంది అలాగే చేస్తారు. పేకాటలో దొరికి ఫైన్ కట్టినవాడు, తాగి బండి నడిపి ఫైన్ కట్టినవాడు, చిన్న తోపులాటలో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టినవాడు, వీళ్ళందరికీ శిక్ష పడినట్టే. జైలుకి వెళ్ళలేదు కదా అని నిర్దోషి కాడు. పదేళ్ళ తర్వాత ఫారంలో "మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా" అని అడిగితే నిజాయితీగా ఇవ్వాల్సిన జవాబు "పడింది" అనే. వంద రూపాయల ఫైనైనా సరే. నీ స్నేహితులకి ఈ మాట గట్టిగా చెప్పు. ఫైన్ కట్టే ముందు ఐదు నిమిషాలు వకీలుతో మాట్లాడమను. డబ్బు లేనివాళ్ళకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, తుఫాను బాధితులకి ఆదాయంతో పనిలేకుండా ఆ హక్కు ఉంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

బైండోవరు వేరు. ఎన్నికల ముందు, ఊళ్ళో రెండు వర్గాలు గొడవపడినప్పుడు తహశీల్దారు ముందు నిలబెట్టి పూచీకత్తు రాయిస్తారు. అది శాంతిగా ఉంటానని ఇచ్చే హామీ, శిక్ష కాదు. దాని కాగితం కూడా కోర్టులో కాదు, తహశీల్దారు ఆఫీసులో ఉంటుంది. రౌడీషీటు అనేది పోలీసులు తమ నిఘా కోసం తెరిచే షీటు, అదీ తీర్పు కాదు. ఇవన్నీ ఒకే గాటన కట్టి "వాడి మీద కేసులున్నాయి" అనడం మన ఊళ్ళలో అలవాటైపోయింది.

తీర్పు కాపీ రాగానే జిరాక్సు ఒకటి జతచేసి, ఒక చిన్న అర్జీ రాసి కేసు కట్టిన స్టేషన్‌లో ఇవ్వు. ఫలానా క్రైమ్ నంబరు, ఫలానా సి.సి. నంబరు, ఫలానా తేదీన ముగిసింది, మీ రికార్డులో నమోదు చెయ్యగలరు, అంతే. ముట్టినట్టు రెండో ప్రతి మీద సంతకం, తేదీ వేయించుకో. శ్రీకాకుళం ఎస్పీ ఆఫీసులో జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఉంటుంది, అక్కడికి కూడా ఒకటి పంపు. స్టేషన్‌లో కదలిక లేకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకునేటప్పుడు వెళ్ళు. అప్పటికీ తేలకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద నీ కేసు వాళ్ళ రికార్డులో ఏ స్థితిలో ఉందని రాతపూర్వకంగా అడగొచ్చు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కానీ కోర్టు కాగితాల కోసం మాత్రం సమాచార హక్కు అర్జీ పెట్టకు. వాటికి కాపీ అప్లికేషన్ దారే ఉందని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు విషయంగా వచ్చిన కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఈ పని ముగించాకనే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పి.సి.సి.)కి పెట్టు. ముందు పెడితే రిపోర్టు వ్యతిరేకంగా వెళ్ళి, దాన్ని సరిదిద్దుకోవడం రెట్టింపు పనవుతుంది.

పి.సి.సి. దారి తేలికే. పాస్‌పోర్టు సేవ వెబ్‌సైట్‌లో నీ పాస్‌పోర్టు తీసుకున్నప్పటి లాగిన్ ఉంటే అందులోనే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు ఉంటుంది. రుసుము 500 రూపాయలు. ఒకప్పుడు దీనికోసం విశాఖ దాకా పోవాల్సి వచ్చేది. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా తీసుకుంటున్నారు కాబట్టి శ్రీకాకుళంలో అపాయింట్‌మెంటు దొరుకుతుందేమో ముందు చూడు. అసలు పాస్‌పోర్టు, దాని జిరాక్సులు, కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటరో కాంట్రాక్టో, ఇల్లు మారి ఉంటే ఇప్పటి చిరునామా రుజువు పట్టుకెళ్ళు. తర్వాత స్టేషన్ నుంచి ఎంక్వయిరీకి వస్తారు. ఆ ఎంక్వయిరీకి విడిగా రుసుమేమీ లేదు. ఇంట్లో నువ్వు లేకపోతే "ఈ చిరునామాలో లేడు" అని రాస్తారు, అందుచేత ఆ వారం చెన్నై పనికి పోకు. సర్టిఫికెట్ మరీ ముందుగా తీసి పెట్టుకోవద్దు. వీసా ఇచ్చే వాళ్ళు మూడు నెలలో ఆరు నెలలో దాటితే కొత్తది అడుగుతారు.

ఇది విదేశాలకి మాత్రమే. ఇక్కడే ఏ ఫ్యాక్టరీలోనో, ఓడరేవు పనుల్లోనో, సెక్యూరిటీ కంపెనీలోనో పోలీస్ వెరిఫికేషన్ అడిగితే అది జిల్లా పోలీసులు ఇచ్చేది. దాన్ని పాస్‌పోర్టు ఆఫీసులో అడగకూడదు. ఏది కావాలో ఆ కంపెనీ రాసిన అక్షరాలు చూపించి మరీ అడుగు.

కేసు ఇంకా నడుస్తున్నవాళ్ళ సంగతి నువ్వు అడగలేదు, కానీ నీ పక్కింటి వాళ్ళకి ఉపయోగం. పాస్‌పోర్టు చట్టం ప్రకారం క్రిమినల్ కేసు కోర్టులో పెండింగులో ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కానీ 1993 ఆగస్టు 25 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. కేసు నడుస్తున్న కోర్టులో పిటిషన్ వేసి, విదేశానికి వెళ్ళే అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు. కోర్టు ఎంతకాలానికని చెబితే అంతకాలానికి, ఏమీ చెప్పకపోతే ఏడాదికి. ఉత్త ఎఫ్‌ఐఆర్ ఉండి, కోర్టు ఇంకా కేసుని విచారణకి తీసుకోకపోతే అది పెండింగు కేసు కింద రాదు. కేసు దాచిపెట్టి పాస్‌పోర్టు తీసుకుంటే మాత్రం దాచడమే కొత్త నేరం.

ఈ మాటలు రాస్తుంటే నాకు బీల, కాకరాపల్లి గుర్తొస్తున్నాయి. 2010 జూలై 14న సోంపేట బీలలో, 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమాల్లో రైతుల మీద, మత్స్యకారుల మీద, వంటింట్లోంచి ఉన్నపళంగా రోడ్డు మీదికొచ్చిన ఆడవాళ్ళ మీద కూడా కేసులు పడ్డాయి. తమ నేల కోసం, చేపల చెరువుల కోసం నిలబడ్డవాళ్ళు ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరిగారు. ఒక్కో ఎఫ్‌ఐఆర్‌లో పెద్ద జాబితా, "మరికొందరు" అన్న మాట. అలాంటి గుంపు కేసుల్లో ఉన్న ప్రతి మనిషీ తన పేరు మీద తీర్పు ఉందో లేదో విడిగా చూసుకోవాలి. ఒకే ఘటన మీద రెండు మూడు కేసులుంటాయి. ఒకటి కొట్టేస్తే అన్నీ పోయాయని అనుకుంటారు. గైర్హాజరైనవాళ్ళ కేసుని విడదీసి వేరే నంబరు ఇస్తారు, అది మిగిలిపోయి ఉంటుంది. మీ ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా ఆ కాలంలో ముద్దాయిలుగా ఉంటే, వాళ్ళ కొడుకులు కూతుళ్ళని కూర్చోబెట్టి నువ్వే ఫోన్‌లో వెతికి చూపించు. ఆ ముసలివాళ్ళకి నీ ఖతార్ జీతం కంటే ఈ సాయం పెద్దదిరా.

నీ తమ్ముడు కానిస్టేబులు పరీక్షకి చదువుతున్నాడు కదా, వాడికి ఈ పేరా చదివి వినిపించు. సెలెక్టయ్యాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. కేసు నమోదైందా, అరెస్టయ్యావా, శిక్ష పడిందా, పెండింగులో ఉందా అని విడివిడిగా అడుగుతారు. ఒక్కో ప్రశ్నకి ఒక్కో జవాబు. కొట్టేసిన కేసు అయినా సరే, "ఎప్పుడైనా కేసు నమోదైందా" అన్నదానికి లేదు అని రాస్తే అబద్ధమే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమంతా విడమరిచి చెప్పింది. కుర్రతనంలో నినాదాలిచ్చిన స్థాయి చిన్న కేసుల్ని యాజమాన్యం మన్నించే వీలుంది, నిజం చెప్పినవాడి విషయాన్ని కేసు స్వభావం చూసి ఆలోచించాలి, తెలిసి దాచినవాడిని మాత్రం తీసెయ్యొచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు జరిగినదైతే బాలల న్యాయ చట్టం పెద్ద రక్షణ ఇచ్చింది, దానివల్ల సాధారణంగా ఏ అనర్హతా రాదు. వాడికి అలాంటిదేమైనా ఉంటే ఫారం నింపే ముందు నా దగ్గరికి రమ్మను.

ఇప్పుడు చిన్నదాని సంబంధం. కంచిలి వైపు అబ్బాయి, చెన్నైలో పని, అతని మీద ఏదో కేసు ఉందని పెళ్ళిళ్ళ పేరయ్య చెవిలో ఊదాడట. బావ నన్ను "కోర్టులో అడిగి తెలుసుకో" అన్నాడు. ఒక ఆడపిల్ల బతుకు విషయం, విచారించడంలో తప్పేమీ లేదు. కానీ దేనికి హద్దెక్కడో తెలుసుకోవాలి. వేరే మనిషి మీద కేసులేమున్నాయో చెప్పండని స్టేషన్‌కి వెళ్ళి అడిగే హక్కు మనకి లేదు, వాళ్ళు చెప్పకూడదు కూడా. తెలిసిన కానిస్టేబులుని పట్టుకుని కంప్యూటర్లో చూపించమనడం అతని ఉద్యోగానికే ముప్పు. కోర్టు జాబితా మాత్రం అందరికీ తెరిచి ఉన్నదే. సోంపేట, ఇచ్ఛాపురం, పలాస కోర్టుల్లో పేరు పెట్టి చూడొచ్చు. మనది సరిహద్దు ప్రాంతం, బరంపురం పర్లాకిమిడి రాకపోకలు ఎక్కువ కాబట్టి ఒడిశాలో గంజాం, గజపతి జిల్లాలు కూడా చూడు. అతను ఉండేది చెన్నై గనక అక్కడా చూడు.

పేరు కనిపించిందనుకో. గబుక్కున నిర్ణయానికి రాకు. తండ్రి పేరు, ఊరు కలిసిందా? కలిస్తే ఏ సెక్షను? ముద్దాయా, ఫిర్యాదీయా, సాక్షా? దెబ్బలు తిని కేసు పెట్టినవాడి పేరు కూడా జాబితాలో ఉంటుంది. ముగిసిందా, ఎలా ముగిసింది? పేరు కనిపించకపోయినా అంతా బాగున్నట్టు కాదు. కంప్యూటర్లోకి ఎక్కని పాతవి ఉంటాయి. ఆడవాళ్ళ మీద అత్యాచారం, పోక్సో లాంటి వాటిల్లో బాధితురాలిని కాపాడటానికి వివరాలు దాచి ఉంచుతారు, భార్యాభర్తల తగాదాల్లోనూ కొన్ని బయట కనిపించకపోవచ్చు. ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో నెట్‌లో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పినా, లైంగిక నేరాల్లాంటి సున్నితమైనవి అందులోంచి మినహాయించింది. చార్జిషీట్లు అందరికీ అందుబాటులో పెట్టనక్కర్లేదని 2023 జనవరిలో చెప్పింది. కేసుతో సంబంధం లేనివాళ్ళు కాపీ కావాలంటే ఎందుకు కావాలో అఫిడవిట్ వేసి జడ్జిగారి అనుమతి తీసుకోవాలి. పెళ్ళి విచారణ కోసం అంత దూరం పోవడం నాకు ఇష్టం లేదు.

నేను చెప్పేది ఒక్కటే. నిజంగా ఏదైనా కనిపిస్తే ఆ అబ్బాయినే పిలిచి, మర్యాదగా, చిన్నదాని ఎదుటే అడుగుదాం. తీర్పు కాపీ చూపించమందాం. చూపించగలిగితే, అది బాగుంటే, పేరయ్య మాట అక్కడితో సరి. నిన్న నీ మీద ఎవరైనా ఇలాగే గుసగుసలాడి ఉంటే నీకెలా ఉండేదో ఆలోచించు. ఫోన్‌లో కనిపించిన పేజీని ఫోటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకు. అది వేరే ఢిల్లేశ్వరరావుదైతే ఆ మచ్చ ఎవరు కడుగుతారు? చిన్నదానికి ముందే చెప్పి వెతుకు. సంబంధం దానిది.

అందరికీ తెలుసుకునే హక్కు ఉన్నచోటు వేరే ఉంది. ఓటు అడగడానికి వచ్చేవాళ్ళు తమ మీద ఉన్న కేసుల వివరాలు నామినేషన్‌తో పాటు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలని 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పలాస అయినా టెక్కలి అయినా, పోటీ చేసినవాళ్ళ అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పక్కింటి కుర్రాడి కేసు గురించి ఆరా తీసే మనవాళ్ళు ఇది మాత్రం తెరిచి చూడరు.

ఇంకొకటి ఉంది, నీకు నేరుగా తగిలేది. నిన్ను ఖతార్ కంపెనీకి పంపుతున్న ఏజెంటు గురించి నువ్వేం విచారించావు? మన తీరంలో ఫిట్టర్లు, వెల్డర్లు, రిగ్గర్లు అని పేరు చెప్పి డబ్బు కట్టించుకుని, విజిటింగ్ వీసా మీద పంపి అక్కడ వదిలేసిన కథలు నువ్వూ విన్నావు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. అతని లైసెన్సు నంబరు అడిగి, ఆ జాబితాలో పేరు, చిరునామా, లైసెన్సు గడువు సరిపోల్చు. లైసెన్సున్నవాడు నీ దగ్గర సేవా రుసుముగా తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడుగుతున్నాడంటే ఆగు. అతని పేరు కూడా ఈ-కోర్ట్స్‌లో శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లో పెట్టి చూడు. అసలు పాస్‌పోర్టు అతని చేతికి ఇచ్చి రావద్దు. పి.సి.సి. నేను తీయిస్తానంటే వద్దని చెప్పు, నీ లాగిన్‌లో నువ్వే పెట్టుకో.

సోమవారం పలాస కోర్టుకి వెళ్ళేటప్పుడు ఆధార్, స్టేషన్ నోటీసు, ఉంటే లోక్ అదాలత్ రోజున సంతకం పెట్టిన కాగితం తీసుకెళ్ళు. కేసులో నీతో పాటు ఉన్న మిగతా కుర్రాళ్ళని కూడా వెంటబెట్టుకుని వెళ్ళు, ఎవరి కాపీ వాళ్ళే వేసుకోవాలి. సి.సి. నంబరు దొరక్కపోతే సి.ఎన్.ఆర్. నాకు పంపు, నేను ఇక్కడినుంచి చూసి చెబుతాను. అక్కకి నా మాటగా చెప్పు, నువ్వు భోంచేశాకనే ఫోన్ చెయ్యమన్నానని.

మీ మావయ్య